పన్నెండు సాళ్ళు

పోయిన వారం మనం తనూజను ప్రొద్దుటూరులో, వాళ్ళ నాన్న వెంకటరమణయ్య ఎరువుల అంగడి వెనక ఉన్న గోడౌన్ వాకిట్లో వదిలిపెట్టి వచ్చాం. వేముల రైతుల జీపు అప్పుడే నూట ఇరవై సీసాలు ఎక్కించుకుని పులివెందుల దారి పట్టింది. మొన్న అటువైపు మంచి వాన పడింది. ఆమె సీసాలతో ముందే విత్తిన రేగడిపల్లె ఆదినారాయణ పైరును కళ్ళారా చూస్తే తప్ప ఒక్క సీసా కూడా ముట్టుకోనని నెల రోజులు భీష్మించుకు కూర్చున్న వేముల రైతు భానుప్రకాష్ కూడా, "పైరు మళ్ళ చూస్తాంలేమ్మా, పదును మనకోసం ఆగదు కదా" అని సీసాలు ఎత్తించుకుపోయాడు. వేముల పక్క అరవై కుటుంబాల మొక్కజొన్న భవిష్యత్తు ఆ జీపులో ఉంది. జీపు మలుపు తిరిగిందో లేదో ఆదినారాయణ దగ్గర్నుంచి ఫోను వచ్చింది.

"వచ్చి చూసిపో," అన్నాడాయన. ఇంకో మాట లేదు.

ఆదినారాయణ కేకలేసి ఉంటే తనూజ భయపడేది కాదు. ఆయన గొంతే అంత. ఎద్దును అదిలించినా, అల్లుణ్ణి పలకరించినా ఒకటే గొంతు. అలాంటి మనిషి మూడు ముక్కల్లో ఫోను పెట్టేశాడంటే కీడెంచక తప్పదు. స్కూటీ తీసి జమ్మలమడుగు రోడ్డెక్కింది. ఆషాఢం గాలి ఎదురుగా కొడుతూ బండిని రోడ్డు పక్కకు తోస్తోంది. ఆమె హెల్మెట్ పట్టీ ఒకసారి బిగించుకుంది, మళ్ళీ వదులు చేసుకుంది, ఊపిరాడటం లేదని మళ్ళీ సర్దుకుంది. జమ్మలమడుగు దాటేలోపు ఆదినారాయణతో ఏం మాట్లాడాలో నాలుగు రకాలుగా అనుకుంది. ఒక్కటీ నచ్చలేదు.

కొత్తగా చదివేవాళ్ళ కోసం రెండు మాటలు. నల్లరేగడి నేల మంచిదే కానీ మహా పిసినారి. ఎంత డీఏపీ ఎరువు పోసినా, అందులోని భాస్వరంలో పైరుకు పెట్టేది కొంత, మిగిలింది తన కొంగున ముడేసుకుంటుంది. ఆ ముడి విప్పే సూక్ష్మజీవులు ఉన్నాయి. మొక్కజొన్న వేళ్ళ చుట్టూ చేరి, పుల్లటి రసం ఊరించి, మట్టిలో గట్టిపడిన భాస్వరాన్ని కరిగించి వేరు నోటికి అందిస్తాయి. వ్యవసాయ శాఖ వాళ్ళు వీటిని జీవన ఎరువులంటారు. తనూజ రెండేళ్ళుగా వాటిని గోడౌన్‌లో ఒక ప్లాస్టిక్ డ్రమ్ములో పెంచి సీసాల్లో నింపుతోంది. విత్తనానికి ఇది పట్టిస్తే డీఏపీ సగం వేస్తే చాలని ఊరూరా తిరిగి చెబుతోంది.

ఈ మాట డీఏపీ అమ్మే తండ్రికి ఎలా రుచిస్తుంది? "ఇరవై ఏండ్లుగా నేను అమ్మిన సరుకు ఇంగా భూమిలోనే ఉందని దండోరా వేస్తాండావు. రేపు నా అంగడి మెట్టు ఎవరెక్కుతారే?" అని వెంకటరమణయ్య రెండేళ్ళు సాధించాడు. ఈ పంట కారుతో, ఆదినారాయణ పొలంలో ఫలితం తేలాక, నిలబడితే నిలబడాలి, లేకపోతే గోడౌన్ ఖాళీ చేయాలి అని గడువు పెట్టాడు. అలాంటాయన మొన్న శుక్రవారం మారిపోయాడు. తనూజ లైసెన్సు కాగితాల కోసం కడపలో ఉండగా ఫోను చేసి, "నీ డ్రమ్ము నెర్రె ఇచ్చింది. గాబరా పడొద్దు. వేరేదాంట్లోకి పోయించినా. ఒక్క చుక్క నేలపాలు కాలేదు" అన్నాడు. ఆదివారం సాయంత్రం ఆమె వచ్చేసరికి నూట ఇరవై సీసాలు నిండి, మూతలు బిగిసి, వరసగా నిలబడి ఉన్నాయి. లేబుళ్ళు ఆయనే అంటించాడు. కొన్ని వంకరగా ఉన్నాయి. ఆ వంకర లేబుళ్ళను చూసి తనూజ గోడౌన్‌లో ఒంటరిగా ఏడ్చింది.

ఒక చుక్క తీసి పళ్ళెంలో వేసి, జీవాలు మొలుస్తున్నాయని రెండు రోజులు చూసుకుంటే గాని ఏ సరుకునూ గడప దాటనివ్వని పిల్ల, ఈ ఒక్కసారి దాటనిచ్చింది. వాన తొందర ఒక కారణం. మొదటిసారి ముందుకొచ్చిన నాన్న చేతికి పరీక్ష పెట్టడానికి మనసు రాకపోవడం అసలు కారణం.

ఆదినారాయణ పొలం గట్టు మీద నిలబడి ఉన్నాడు. తువ్వాలు తలకు లేదు, భుజం మీద లేదు, చేతిలో తాడులా మెలి తిరిగి ఉంది. తనూజ బండి స్టాండు వేసేలోపే ఆయన ఒక మొక్కను వేళ్ళతో సహా పీకి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"ఏంది మ్మా ఇది?"

నెల దాటిన మొక్క. తొడ ఎత్తు ఉండవలసింది మోకాలు దాటలేదు. ఆకుల అంచులు వంకాయ రంగుకు తిరిగాయి. వేరు పట్టుకుంటే పిడికెడు కూడా లేదు. భాస్వరం అందని పైరు ఎలా ఉంటుందో తనూజ ఊరూరా ఫోటోలు చూపిస్తుంది. ఆ ఫోటోల్లోని మొక్క ఇదే.

తల ఎత్తి చూసింది. గట్టుకు ఆ పక్క రెండెకరాలు, పాత పద్ధతిలో డీఏపీ నిండుగా వేసినవి, పచ్చగా గాలికి ఊగుతున్నాయి. ఈ పక్క రెండెకరాలు ఆమె చెప్పినట్టు సీసా పట్టించి, డీఏపీ సగమే వేసినవి. వాటిని చూస్తే ఎవరికైనా ఒక్కటే అనిపిస్తుంది: సీసాలో ఉన్నది రంగు నీళ్ళు.

"సీసాలు ఎండలో పెట్టినారా అన్నా?"

"పెట్టల్యా."

"బెల్లం నీళ్ళు చల్లారకముందే కలిపినారేమో."

"సల్లార్చినాం. నువ్వు చెప్పినట్టే విత్తనం నీడన ఆరబోసినాం. పురుగుమందు సంచి ఆ గదిలో కూడా పెట్టల్యా. నువ్వు తెచ్చిచ్చిన, మందు రంగు పూయని విత్తనమే వేసినాం." ఆయన గొంతు మెల్లగా లేస్తోంది. "ఇంగా ఏమడుగుతావో అడుగు. తప్పు నామీదికి తోసేదానికేనా ఈ అడగడాలన్నీ?"

"అట్లా కాదన్నా, ఎక్కడ తేడా పడిందో..."

"కొండనాలికకు మందేస్తే ఉన్న నాలిక ఊడినట్టయింది నా పని. పంట పోయిందని కాదు మ్మా నా బాధ. ఈ ఊర్లో మేం ఏం వేస్తే అది వేస్తారు. మా నాయన కాలం నుంచీ అంతే. మా యమ్మ నిన్ను నమ్మింది. నా మనవరాలి మాదిరి ఉంది, చదువుకునింది, ఆ పాప చెప్పినట్టు చెయ్యిరా అని నా చేత డీఏపీ తగ్గించింది. పొద్దున్నే దారిన పోయేవాళ్ళు గట్టు మీద ఆగి చూసి, ఏమీ అనకుండా పోతాండారు. అనిపించుకున్నా బాగుండు."

ఆయన జేబులోంచి ఫోను తీశాడు.

"భానుప్రకాష్‌కు చేస్తాండా. ఆ సీసాలు కాలువలో పారబోయమని చెప్తా. నాతో పోవాల, ఇంగొకరికి రాకూడదు."

ఈ ఒక్క ఫోనుతో తనూజ రెండేళ్ళ కష్టం, నాన్న దగ్గర ఇప్పుడిప్పుడే దొరికిన చోటు, అన్నీ పోతాయి. అయినా ఆయన అన్నదాంట్లో అన్యాయం ఏముంది? సరుకు దొంగదైతే పారబోయవలసిందే. దొంగది కాదని తనకు తెలుసు. ఆదినారాయణకు ఇచ్చిన సీసాల్లోని జీవాలను తన కళ్ళతో పళ్ళెంలో చూసుకుంది, చుక్కలు చుక్కలుగా, తెల్లగా. మరి ఎక్కడికి పోయాయి?

"ఒక్క గంట ఆగన్నా. గంటలో నాకేమీ దొరక్కపోతే నేనే చేస్తా భానుప్రకాషన్నకు. మీరు చెప్పేకంటే గట్టిగా చెప్తా."

ఆదినారాయణ ఆమె ముఖం వంక చూసి, ఫోను జేబులో పెట్టకుండా, అలాగని నొక్కకుండా, చేతిలోనే పట్టుకున్నాడు.

ఆమె చెప్పులు గట్టు మీద వదిలి సాళ్ళలోకి దిగింది. ఒక మొక్క పీకింది, వేరు వాసన చూసింది. పది సాళ్ళు దాటి ఇంకొకటి పీకింది. అదే వంకాయ రంగు, అదే బక్క వేరు. గాలికి ఆకులు చేతులను గీస్తున్నాయి. పడమటి గట్టు నుంచి బోరు ఉన్న తూర్పు గట్టు దాకా నడిచింది, వెనక్కి తిరిగింది, మళ్ళీ నడిచింది. గంటలో పావుగంట అప్పుడే అయిపోయింది. మూడోసారి తూర్పు గట్టు దగ్గర తిరగబోతూ ఆగింది.

ఇక్కడ మొక్కలు ఆమె నడుముకు తగులుతున్నాయి.

ఇంతకుముందు రెండుసార్లు ఇక్కడి దాకా వచ్చి కూడా చూడలేదు. జబ్బు మొక్కల కోసం వెతికే కంటికి బాగున్న మొక్క ఆనదు. ఒకటి పీకడానికి బలం చాలక రెండు చేతులా లాగింది. వేళ్ళతో పాటు గంపెడు మట్టి లేచొచ్చింది. అవతలి పొలంలో నిండా డీఏపీ తిన్న పైరుకు కూడా ఇంత వేరు లేదు.

"ఆదినారాయణన్నా, ఇటు రండి."

ఆయన వచ్చి చూసి పెదవి విరిచాడు. "బోరు నీళ్ళు మొదుట ఈడికే పారతాయి. అందుకే."

తనూజ సాళ్ళు లెక్కపెట్టింది. పన్నెండు. పన్నెండో సాలు నడుమెత్తు, ముదురు పచ్చ. పదమూడో సాలు మోకాలెత్తు, వంకాయ రంగు. మధ్యలో జానెడు బోదె.

"నీళ్ళు పన్నెండు దాకా లెక్కపెట్టుకుని పదమూడో సాలు కాడ ఆగుతాయా అన్నా? ఈ పన్నెండు ఎవరు విత్తినారు?"

ఆదినారాయణకు గుర్తు రాలేదు. జవాబు అవతలి నుంచి వచ్చింది. కలుపు తీస్తున్న మాబున్ని కొడవలి పట్టుకుని లేచి నిలబడింది. ఇరవై ఏళ్ళుగా ఆ ఇంటి పొలంలో పని చేస్తున్న మనిషి. ఏదో తప్పు బయటపడినట్టు ఉంది ఆమె వాలకం.

"ఆ సాళ్ళు నేను విత్తినవే. ముందురోజు విత్తనం చాలక ఆ మూల ఆగిపోయింది. శుక్రవారం పొద్దున అన్న ట్రాక్టరు పని మీద పోయినాడు, అవ్వ కంటి ఆసుపత్రికి పోయింది. అట్టపెట్టెలో ఒక సీసా మిగిలుంటే నేనే మూత తీసి, బెల్లం నీళ్ళలో కలిపి, విత్తనానికి రుద్ది వేసేసినా." కొంచెం ఆగి, "అవ్వ చేసినట్టు పద్ధతిగా చేయల్యా. ఏమీ అనుకోవద్దు పాపా," అంది.

తనూజ సాళ్ళు దాటి ఆమె దగ్గరికి వెళ్ళింది.

"అవ్వ పద్ధతి అంటే ఏం పద్ధతి మాబున్నీ?"

"అదంతా అవ్వకే తెలుసు. మడిగా చేస్తాది కదా, మేం తొంగి చూడం."

ఆదినారాయణ తల్లి నాగమ్మకు డెబ్బై అయిదు దాటాయి. ఒక కంటికి పొర తీయించుకుని నెలైంది. తనూజను చూడగానే ముఖం విప్పారింది. కొడుకు పొద్దుటి నుంచి ఏమీ చెప్పనట్టుంది. "ఎండన పడి వచ్చినావు, మొగం చూడు ఎట్లయిందో," అని మజ్జిగ గ్లాసు చేతిలో పెట్టి, తాగమని ఎదురుగా నిలబడింది. తనూజ ఒక్క గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టింది. ఈ ముసలామె తనను నమ్మింది. అడగబోయే ప్రశ్న ఈమెను ఎక్కడ గుచ్చుతుందో అప్పటికే లోపల తెలుస్తోంది.

"అవ్వా, నేనిచ్చిన సీసాలు మీరేం చేసినారు? మొదట్నుంచీ చెప్పండి."

"ఏం చేస్తాం, బంగారం మాదిరి చూసుకున్యాం." నాగమ్మ సంబరంగా అరుగు మీద కూర్చుంది. "నువ్వు సోమవారం కదా తెచ్చిచ్చింది? మంగళవారం మేం విత్తనం చేతబట్టం. బుధవారం అమావాస్య. గురువారం దాకా ఆగాల. నువ్వేమన్యావు? ఇవి మందు కాదు అవ్వా, దీంట్లో జీవముంది, పసిబిడ్డల్ని చూసుకున్నట్టు చూసుకోవాల అన్యావు. అన్యావా లేదా?"

"అన్నాను."

"మరి జీవముండేదాన్ని మూడు దినాలు ప్లాస్టిక్ సీసాలో ఉక్కిరిబిక్కిరి చేసి పెడతామా? తలకు నీళ్ళు పోసుకుని, దేవుని బిందె తీసి, సీసాలన్నీ దాంట్లోకి వంపినా. పలచని గుడ్డ వాసెన కట్టి దేవునింట్లో పెట్టినా. మాటామాటికీ పోయి సల్లగా ఉందా లేదా అని బిందెను తాకి చూసినా. ఒక సీసా మాత్రం పట్టక మిగిలిపోయింది, పాపం."

"ఏ బిందె?"

"ఉండు, తెస్తా. ఒక వింత కూడా చూపిస్తా."

దేవుడి గది నుంచి ఆమె తెచ్చింది రాగి బిందె. బయట పసుపు కుంకుమల మరకలు. ఏళ్ళ తరబడి నీళ్ళు నిలిచి నల్లబడిన అంచు. "లోపలికి చూడు," అంది నాగమ్మ.

తనూజ తొంగి చూసింది. మెడ దాకా నలుపు. మెడ కింద ఎవరో గీత గీసినట్టు ఆగి, అక్కడి నుంచి అడుగు దాకా లోపలంతా చింతపండుతో తోమినట్టు ఎర్రగా తళతళలాడుతోంది.

"ఎవురూ తోమల్యా. నీ నీళ్ళు తీసేసరికి అట్లుంది. అప్పటి నుంచి ఆ మెరుపు పోగొట్టుకోవడం ఇష్టంలేక దాంట్లో చుక్క నీళ్ళు పోయల్యా. దేవుని మహిమ అనుకున్యా."

పొలంలో పన్నెండో సాలు దగ్గర ఒక గీత. బిందె మెడ కింద ఒక గీత. తనూజ బిందెను ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూలబడింది. మొదట నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తన జీవాలు దొంగవి కావు. పుల్లటి రసం ఊరించి రాయిని కరిగించడమే వాటి పని. రాగి బిందెలో పోస్తే ఆ పులుపుతోనే బిందెను తోమాయి. కరిగిన రాగి నీళ్ళలోకి దిగింది. ఆ రాగే వాటిని చంపింది. మూడు రోజులు దేవుడి గదిలో, గుడ్డ వాసెన కింద, ఒక ముసలామె మాటిమాటికీ ప్రేమగా తాకి చూస్తుండగా, కోట్ల ప్రాణాలు చచ్చిపోయాయి. గురువారం విత్తనానికి పట్టించింది ఉత్త బెల్లం నీళ్ళు.

ఈ సంగతి ఆమె మెల్లగా, వీలైనంత మెత్తగా చెప్పింది. వాకిట్లో నిలబడ్డ ఆదినారాయణకు మెత్తదనం అక్కరలేకపోయింది.

"నీకెందుకమ్మా ఇదంతా?" అని తల్లి మీద విరుచుకుపడ్డాడు. "ఆ పాప కాగితం ఇచ్చింది, దాంట్లో రాసింది చేస్తే సరిపోయేది కదా. ప్రతిదానికీ నీ మడి, నీ దేవుడు. రెండెకరాలు..."

"తప్పు అవ్వది కాదన్నా." తనూజ లేచి ఇద్దరి మధ్యకు వచ్చింది. "ఎండ వద్దని రాశాను, వేడి వద్దని రాశాను, మందులు వద్దని రాశాను. రాగి వద్దని రాయలేదు. పసిబిడ్డల్లా చూసుకోమన్నది నేను. అవ్వ తన ఇంట్లో ఉన్నవాటిలో గొప్పది తీసి వాటికి పెట్టింది. అంతకంటే బాగా ఎవరు చూసుకుంటారు?"

నాగమ్మ కొడుకు మాటలు విన్నట్టు లేదు. ఆమె చెయ్యి బిందె అంచు మీద ఉంది.

"నేను సంపినానా పాపా వాటిని?"

తనూజ ఆ చేతి మీద తన చెయ్యి పెట్టింది.

"నాకు తెలిసి చీమను కూడా తొక్కల్యా," అంది నాగమ్మ. కాసేపటికి ముక్కు చీది, గట్టి మనిషి కనుక, "మరి ఇప్పుడేం చేస్తే పైరు తిరుగుతాది? అది చెప్పు ముందు," అంది.

తనూజ చెప్పింది. ఆపిన డీఏపీలో కొంత ఇప్పుడు మొదళ్ళ దగ్గర వేయాలి. కొత్త సీసాలు తెచ్చి మాగిన పశువుల ఎరువులో కలిపి, నీళ్ళు పారించే ముందు సాళ్ళలో చల్లాలి. కంకి ఆ పన్నెండు సాళ్ళంత ఉండదు. కానీ పైరు తేరుకుంటుంది. ఆదినారాయణ తువ్వాలు విప్పి భుజం మీద వేసుకున్నాడు. ఆ ఒక్క పనితో తనూజకు ఊపిరాడింది.

"మాబున్ని పద్ధతి లేకుండా చేసిందే మొలిచింది, చూడు," అన్నాడు. నవ్వలేదు గానీ ఆ దరిదాపుల్లోకి వచ్చాడు. "పన్నెండు సాళ్ళు అబద్ధం చెప్పవు. నేను అన్న మాట నేనే వెనక్కి తీసుకుంటా."

అని ఊరుకుంటే ఆయన ఆదినారాయణ ఎందుకవుతాడు? అప్పటికప్పుడు భానుప్రకాష్‌కు ఫోను కలిపి, ఊరంతా వినేట్టు చెప్పాడు.

"అప్పా, తనూజమ్మ సరుకు మొదటి రకం. మావోళ్ళు చేసిన పొరపాటు ఒకటి ఉంది, అది వేరే. నువ్వు నా మాట మీద ధైర్యంగా విత్తనానికి పట్టించుకో. డీఏపీ సగం చాలు. రేపు మాపు తేడా వస్తే నన్నడుగు."

"నువ్వు చెప్పినాక ఇంగేముంది మామా," అన్నాడు అవతల భానుప్రకాష్. "అనుమానంతోనే పట్టుకొచ్చినాం. ఇప్పుడు కలుపుతాం. సాయంత్రానికంతా విత్తేది మొదలుపెడతాం."

తనూజకు ఆ మాట విని రెండేళ్ళ బరువు దిగినట్టయింది. అరుగు స్తంభానికి ఆనుకుని, పొద్దుటి నుంచి మొదటిసారి కాళ్ళు చాపుకుంది. వదిలేసిన మజ్జిగ అందుకుని తాగింది. పది నిమిషాల్లో ఆమె ఫోనుకు వేముల నుంచి ఫోటో వచ్చింది. పట్ట మీద కుప్పలుగా మొక్కజొన్న విత్తనం, చుట్టూ ఆడవాళ్ళు, ఒకామె చేతిలో వంచిన సీసా. సీసా మీద వంకర లేబుల్. తనూజ ఆ ఫోటోను నాగమ్మకు చూపించింది. ముసలామె బాగున్న కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"వాళ్ళకైనా చెప్పినావా రాగిలో పోయొద్దని?"

"సీసాలోంచి నేరుగా కలుపుతున్నారు అవ్వా. ఇబ్బంది లేదు."

"మాకంటే తెలీదు. మీ ఇండ్లల్లో వాడరా ఏంది రాగి?"

"వాడకేం." తనూజ నవ్వింది. "మా నాన్నకు రాగి చెంబులో నీళ్ళు తాగనిదే తెల్లారదు. రోజూ మాకు పాఠం చెబుతాడు కూడా, రాగిలో పెట్టిన నీళ్ళలో ఒక్క క్రిమి కూడా..."

మాట అక్కడ ఆగిపోయింది.

చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, పుట్టినప్పటి నుంచి రోజూ వింటున్న మాట ఈ వేళ ఆమెకు వినిపించింది. ఆ వెనకే ఇంకో మాట, శుక్రవారం నాటిది: వేరేదాంట్లోకి పోయించినా. దేంట్లోకి అని తను అడగలేదు. ఒక్క చుక్క పోలేదన్న సంతోషంలో, నాన్న చేయి వేశాడన్న సంతోషంలో, అడగాలనే తోచలేదు.

వెంటనే నాన్న నంబరు నొక్కింది.

"నాన్నా, డ్రమ్ము పగిలినప్పుడు దేంట్లోకి పోయించినావు?"

అవతల వెంకటరమణయ్య నవ్వాడు. రెండేళ్ళుగా ఆ నవ్వు కోసం తనూజ ఎదురుచూసింది.

"ఎప్పుడడుగుతావా అని చూస్తాండా. నువ్వే చూసుకుంటావులే అని చెప్పల్యా. మీ జేజి కాగు లేదూ, అటక మీద పడి ఉండేది? పెండ్లిండ్లకు నీళ్ళు కాచే పెద్ద రాగి కాగు. అది దింపించినా. నా కూతురు రెండేండ్లు కష్టపడి పెంచే జీవాలకు ఆ పగిలిన ప్లాస్టిక్ డ్రమ్మేంది అనిపించింది. శుక్రవారం మధ్యాహ్నం పోస్తే ఆదివారం సీసాల్లోకి ఎత్తేదాకా దాంట్లోనే ఉన్యాయి, సల్లగా."

తనూజ నాగమ్మ ఒళ్ళో ఉన్న బిందె వంక తిరిగింది.

"ఇంగొకటి చెప్తా, నవ్వొద్దు," అన్నాడు తండ్రి. ఆయన గొంతు తగ్గింది, ఏదో సిగ్గుపడుతున్న మనిషి గొంతులా. "నేను నిన్ను శానా మాటలన్యా. నీ సీసాల్లో ఏముందో నాకు కనపడేది కాదు, అందుకే అన్యా. ఈ పొద్దు జీపు పోయినాక ఆ కాగు మళ్ళ అటక మీద పెట్టిద్దామని లోపలికి చూసినా. ముప్పై ఏండ్లుగా తోమనిది, నల్లగా మసిబారి ఉండేది. ఎవురూ చెయ్యి పెట్టల్యా తనూజా, లోపల కొత్త కాసు మాదిరి తళతళలాడతాంది. అంగట్లో ఉండేవాళ్ళందరినీ పిలిచి చూపించినా. ఇది మా పాప జీవాల మహిమ అని చెప్పినా. ఇప్పుడు నమ్మినా మ్మా. నా కండ్లతో చూసి నమ్మినా."

నాగమ్మ ఒళ్ళో బిందె ఎండ పడి మెరుస్తోంది. ఫోనులో ఆయన ఇంకా చెబుతూనే ఉన్నాడు. వేములలో విత్తనం నీడన ఆరుతోంది.